ధర్మం పేరు, రాజ్యం పోరు

ఏటా సెప్టెంబరు 17 దగ్గరపడేసరికి మా మదర్సా పిల్లలు ఒక ప్రశ్న తెస్తారు: “మౌల్వీసాబ్, రజాకార్లు చేసింది జిహాదేనా?” ఈ ప్రశ్నను దాటవేయడం మాకు తగదు. మేము చెప్పకపోతే మరెవరో చెబుతారు.

మఠంపల్లి ప్రాంతంలో కృష్ణకు అవతలి గట్టు ఆనాడు మద్రాసు రాష్ట్రం, ఇవతలి గట్టు నిజాం రాజ్యం. రాజ్యాన్ని కాపాడటమే ధర్మాన్ని కాపాడటమని ఖాసిం రజ్వీ ముస్లిం యువకులకు నూరిపోశాడు. రజాకార్లు గ్రామాలపై పడి దోచారు, ఇళ్లు తగులబెట్టారు, ప్రాణాలు తీశారు. ఇస్లాం మూలస్తంభాలు ఐదే కదా! రాజు సింహాసనం ఆరవది ఎప్పుడయింది?

పోరాడేవారితోనే పోరాడమని, హద్దు మీరవద్దని బఖరా సూరా 190వ ఆయతు ఆదేశం. ఒక జాతిపై ద్వేషం మనల్ని అన్యాయానికి పురికొల్పరాదని మాయిదా సూరా 8వ ఆయతు హెచ్చరిక. సైన్యాన్ని సిరియాకు పంపుతూ హజ్రత్ అబూబక్ర్ (ర) స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దన్నారు. పండ్లచెట్లను సైతం నరకవద్దన్నారు. వీరుడనిపించుకోవడానికి పోరాడి మరణించినవాడు ప్రళయదినాన నరకం పాలవుతాడని దైవప్రవక్త (స) తెలిపారు. సంకల్పం చెడితే ప్రాణత్యాగమూ వ్యర్థమే.

ఆనాడు ఈ మాట చెప్పిన ముస్లింలూ ఉన్నారు. ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లను నిలదీశాడు. 1948 ఆగస్టులో హైదరాబాదులో ఆయనను హతమార్చారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. విజయవాడ నుంచి వచ్చిన దళాలు కోదాడ, సూర్యాపేటల మీదుగా సాగాయి. ఐదు రోజులలో యుద్ధం ముగిసింది, ప్రతీకారం మొదలయింది. సైనికచర్య సమయంలోను, ఆ తరువాతను 27 వేల నుంచి 40 వేల మంది మరణించారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. వారిలో అత్యధికులు ముస్లింలే. ఆ ప్రతీకారమూ దౌర్జన్యమే. అయితే ముస్లిం నేతగాళ్లను కాపాడబోయి తోటి హిందూ నేతగాళ్లు ప్రాణాలకు తెగించారని కూడా ఆ నివేదికే చెప్పింది. రజ్వీ 1957లో జైలునుంచి విడుదలై పాకిస్తాన్‌కు వెళ్లిపోయాడు. పిలుపునిచ్చినవాడు దాటిపోయాడు, ఆ పిలుపుతో సంబంధం లేని ఇళ్లలోనూ వితంతువులు మిగిలారు.

కనుక పిల్లలకు మా జవాబు: అది జిహాద్ కాదు, జులుం. నేడు ఏ దేశంలోనైనా, ఏ మతం పేరనైనా యుద్ధానికి పిలిచేవారిని మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఎవరి రాజ్యం కోసం? హద్దులు ఏవి? ఓడినప్పుడు మా మధ్య ఉంటావా?

అల్లాహ్ మన నాలుకలను, చేతులను జులుం నుంచి కాపాడుగాక. ఆమీన్.