వాకిట నిలిచి ప్రార్థించండి



ఒక పెద్దమ్మగారు నాకు ఉత్తరము వ్రాసినారు. వారి కోడలికి 8వ నెలలోనే కాన్పు అయినది. బిడ్డ బరువు 1.6 కిలోలు. జిల్లా ఆసుపత్రిలో 18 రోజులు ఉంచి ఇంటికి పంపినారు. ఇప్పుడు కోడలు ఎవరినీ గదిలోనికి రానివ్వడము లేదట. ప్రార్థన చేయ వచ్చిన సంఘపు స్త్రీలను సైతము అరుగు మీదనే కూర్చోబెట్టినదట. "ఊరిలో తల ఎత్తుకోలేకపోతున్నాము. అయ్యగారూ, ఇది అవిశ్వాసము కాదా?" అని వారి ప్రశ్న.

కాదమ్మా. మోషే పుట్టినప్పుడు అతని తల్లి మూడు నెలలు బిడ్డను ఎవరి కంటా పడకుండ దాచినది. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము తెరచి చూడండి. ఆ దాచిపెట్టుటనే అక్కడ విశ్వాసముగా లెక్కించినారు. తలుపు మూసిన తల్లిని నిందించుటకు ముందు మనము ఆ మాట తలంచుకొనవలెను.

నెలలు నిండని బిడ్డకు ఒంటిలో కొవ్వు తక్కువ, చర్మము పలుచన. త్వరగా చల్లబడిపోతాడు. రోగముతో పోరాడే శక్తి తల్లి నుండి బిడ్డకు ఎక్కువగా చేరేది కడపటి నెలలలోనే. ఆ నెలలు ఈ బిడ్డకు దక్కలేదు. మనకు రెండు రోజుల పడిశము, వానికి ప్రాణాపాయము. పది మంది చేతులు మారి, పది మంది ముద్దులాడితే ఆ పడిశము ఎవరి దగ్గరనుండి వచ్చినదో ఎవరు చెప్పగలరు? కాపరి చేయి కూడ చేయియే గదా. సబ్బుతో కడుగకుండ నేనైనను బిడ్డ తలమీద చేయి ఉంచను.

కొన్ని అలవాట్లను గూర్చి కూడ చెప్పవలెను. సాంబ్రాణి పొగ వద్దు. తాతగారి చుట్ట వీధిలోనే ఆరిపోవలెను. చెవులలో, ముక్కులో నూనె చుక్కలు, నాలుకకు తేనె, గాడిదపాలు, ఇవేవీ వద్దు. తల్లిపాలే చాలును. చీకలేని బిడ్డకు పాలు పిండి పట్టవలసి వస్తే మన ఇండ్లలోని ఉగ్గుగిన్నె ఉన్నది. డాక్టర్లు కూడ అటువంటి గిన్నెనే వాడమంటారు. వాడిన ప్రతిసారి కడిగి మరిగించండి.

ఇక అమ్మా, మీకు ఆ గదిలో చోటు లేదనుకోవద్దు. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఎడ్గార్ రే అను డాక్టరు, బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక, నెల తక్కువ బిడ్డలను తల్లుల రొమ్ములకే ఆనించి కట్టించినాడు. దానినే నేడు కంగారూ పద్ధతి అంటున్నారు. రోజుకు 8 గంటలకు తక్కువ కాకుండ, వీలైనంత ఎక్కువసేపు అలా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పినది. పచ్చి బాలింత ఒక్కతే అన్ని గంటలు ఎలా మోయగలదు? తండ్రి చొక్కా విప్పి మోయవచ్చును. దగ్గు, జ్వరము లేని నాయనమ్మ మోయవచ్చును. మా సంఘములో ఒక ట్రాక్టరు డ్రైవరు సాయంత్రము స్నానము చేసి, కొడుకును గుండెకు ఆనించి పాత నూలు చీరతో కట్టుకొని కూర్చునేవాడు. స్నేహితులు నవ్వినారు. అతడు లేవలేదు. ఆ రెండు గంటలే అతని భార్యకు నిద్ర.

పెద్దపిల్లను మరచిపోవద్దు. అమ్మ తనను దగ్గరకు రానివ్వడము లేదని ఆ పసి మనస్సు కుములుతుంది. మోషే అక్క దూరముగా నిలిచి తమ్ముని కనిపెట్టినది గదా. ఈ పాపకు కూడ ఒక పని అప్పగించండి. వచ్చినవారికి చెంబుతో నీళ్లు, సబ్బు అందించనివ్వండి.

బిడ్డ పాలు త్రాగకపోయినా, మందకొడిగా పడియున్నా, ఒళ్లు కాలినా చల్లబడినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, డొక్కలు లోనికి లాగుకొనిపోయినా, నిమిషమునకు 60 సార్లు లేక అంతకు మించి ఊపిరి తీసినా, తెల్లవారే వరకు ఆగవద్దు. 108కి ఫోను చేయండి. దారిలో ప్రార్థించవచ్చును. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు మాత్రము తలుపు తీయండి, ఆమె బరువు చూచి చెప్పగలదు.

సంఘపు స్త్రీలకు ఒక మనవి. అరుగు మీదనే ప్రార్థించి వెళ్లండి, దేవునికి గోడ అడ్డము కాదు. వెళ్లేటప్పుడు రెండు బిందెల నీళ్లు తెచ్చిపెట్టండి, క్యారేజీలో కూర పంపండి, గేదెకు గడ్డి వేయండి. బిడ్డ ప్రతిష్ఠకు తొందర లేదు. బరువు పెరిగి, డాక్టరుగారు సరేనన్న తరువాతనే పెట్టుకొందము. పెద్దమ్మగారూ, ఈ పేజీని మీ స్త్రీల సమాజములో ఒకసారి చదివి వినిపించండి. ముందుగా మీ కోడలికి.