నేర్చినది ఒక్క బిడ్డతో ఆగరాదు

రెండేండ్ల క్రిందట మా పాఠశాలలో ఆఱవ తరగతి బాలుడొకడు ‘గది’ని ‘కది’ అనియు, ‘బాట’ను ‘పాట’ అనియు వ్రాయుచుండెను. పుస్తకములో ఎఱ్ఱసిరా గీతలు పెరిగినవే కాని తప్పులు తగ్గలేదు. అప్పుడు వచ్చిన ఒక విద్యా సలహాదారు తరగతి ఉపాధ్యాయునితో నాలుగు పర్యాయములు కూర్చుండి మాటలాడెను. బాలునికి తాను పాఠము చెప్పలేదు. తప్పు వినుటలోనా, పలుకుటలోనా, వ్రాయుటలోనా అని మాత్రము అడిగెను. వారము దినములు గుర్తు వేసి చూడగా, బాలుడు సరిగనే పలుకుచున్నాడనియు, వ్రాతలోనే తడబడుచున్నాడనియు తేలెను. అతడు ప్రతిదినము వీధిలో చూచు తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. ప, బ లకును అంతియే. కారణము తెలిసిన పిమ్మట ‘కడ-గడ’, ‘పాట-బాట’ వంటి జంటపదములను పలికించి వ్రాయించిరి. అర్ధసంవత్సర పరీక్షల నాటికి ఆ తప్పులు చాలవఱకు తొలగెను.

ఇంతవఱకు సంతోషమే. కాని ఉపాధ్యాయుల కొఱతచే ఆయనయే గణితమును గూడ చెప్పుచుండిన తరగతిలో, మఱుసటి యేడు ఒక బాలిక దశాంశముల లెక్కలలో వెనుకబడెను. సలహాదారు మరల ఎప్పుడు వచ్చునా అని మేమందఱము ఎదురుచూచితిమి. సంవత్సరము గడచెను, ఆ బాలిక బడి మానెను. తప్పు ఎచ్చట పుట్టుచున్నదో వెదకు విధము మా చేతిలోనే యుండగా, అది అక్షరముల కొఱకే యని భావించితిమి. ఈ దోషము ఆ ఒక్క ఉపాధ్యాయునిది కాదు, మా అందఱిది.

సలహా సంప్రదింపునకు రెండు ప్రయోజనములు కలవు. ఎదుటనున్న చిక్కు తీరుట మొదటిది. రాబోవు చిక్కులను ఉపాధ్యాయుడు తానే తీర్పగలుగుట రెండవది. జెరాల్డ్ కాప్లాన్ 1970లో ప్రకటించిన గ్రంథమున ఈ రెండింటిని చెప్పెను. 1977లో జాన్ బెర్గన్ ఈ పనికి మెట్లు ఏర్పఱచెను: సమస్యను గుర్తించుట, దానిని విశ్లేషించుట, ఉపాయమును అమలుపఱచుట, ఫలితమును పరీక్షించుట. అదే సంవత్సరమున స్టోక్స్, బేర్ అను పరిశోధకులు, నేర్పినది తనంతట తానే వ్యాపించునని ఆశించి ఊరకుండుట చాలదని హెచ్చరించిరి. మేము చేసినది ఆ ఊరకుండుటయే.

కనుక మా సూచనలివి. ప్రతి సంప్రదింపు చివరను, “ఇందులో మఱియొక బిడ్డకు పనికివచ్చునది ఏది?” అని ప్రశ్నించుకొనవలెను. వెంటనే వేఱొక విషయములోని చిక్కును ఉపాధ్యాయుడు తానే చేపట్టగా, సలహాదారు ప్రక్కనుండి చూడవలెను. ప్రధానోపాధ్యాయులు నెలకు ఒక పీరియడును ఇందుకు విడిచి, నేర్చినవారు తోటివారికి చెప్పు ఏర్పాటు చేయవలెను. చెప్పినదానిని తెలుగులో ఒక నోటుపుస్తకమున వ్రాసి, పాఠశాలలో ఉంచవలెను.

ఉన్న పనికే తీరిక లేదని కొందఱందురు. నిజమే. కాని ఒకే చిక్కును ఏటేట మొదటినుండి విప్పుటకు పట్టు కాలము అంతకంటె ఎక్కువ కాదా? పైగా మన వంటి బడులలో ఒక ఉపాధ్యాయుడు బదిలీయైనను, పదవి విరమించినను, ఆ స్థానమున తెలుగు వచ్చినవారు దొరకుట కష్టము. నేర్పు ఆయనతోనే వెడలిపోయిన, మిగులునది శూన్యమే. పొరుగు పాఠశాలలు సముదాయములుగా కలసి పనిచేయవలెనని 1966లో కొఠారి కమిషన్ సూచించియే యున్నది. సమీపమున నున్న తెలుగు బడులు నోటుపుస్తకములనైన మార్చుకొనరాదా?

1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని చెప్పుచున్నది. గోడలు, పుస్తకములు ప్రభుత్వము ఇయ్యవచ్చును. ఒక ఉపాధ్యాయుని నేర్పును పదుగురి నేర్పుగా చేయుట మన పని.

తల్లిదండ్రులారా, బిడ్డ వెనుకబడినచో, “మార్కులెన్ని?” అని మాత్రమే గాక, “ఎచ్చట తడబడుచున్నాడు?” అని మమ్ము అడుగుడు. విద్యార్థులారా, తెలియనిచోట తెలియలేదని సంకోచింపక చెప్పుడు. మానిన ఆ బాలికను మరల బడికి రప్పించుటకు మేము ఆమె యింటికి పోవుచున్నాము. ఈసారి సలహాదారుకై వేచియుండము.