ఆరు ఇండ్లు తిరిగిన ఉత్తరము



ఈ నెల మేము వ్రాయబోవునది ఒక నవలను గురించి, అది తపాలాలో చేసిన ప్రయాణమును గురించి. నవల పేరు 'సో లాంగ్ ఎ లెటర్'. మన మాటలో 'ఇంత పొడవైన ఉత్తరము' అనవచ్చును. వ్రాసినది పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్ దేశస్థురాలైన మరియామా బా. 1979లో ఫ్రెంచి భాషలో వెలువడి, 1981లో ఇంగ్లీషులోనికి వచ్చినది. చిన్న పుస్తకము. తీరిక ఉన్నవారు రెండు పూటలలో చదివి ముగించగలరు. మా చదువరులలో ఒకరికి మాత్రము రెండు నెలలకు పైగా పట్టినది. ఆ సంగతి తరువాత చెప్పెదము.

ఈ శీర్షికను చదువుచున్న సహోదరీలు కొందరు, మేము పుస్తకముల పేర్లు చెప్పుటయే గాని అవి తమ ఊళ్లలో దొరకవని చాలాకాలముగా వ్రాయుచున్నారు. న్యాయమైన మాటే. అందుచేత 2024 సంక్రాంతి తరువాత ఒక్క ప్రతిని ఆరు ఇండ్లకు వరుసగా పంపుటకు నిశ్చయించితిమి. నర్సాపురం, కొత్తగూడెం, మదనపల్లె, విజయనగరం, భిలాయి, ఖరగ్‌పూర్. చివరి రెండు ఊళ్లలో ఉన్నవారు ఉక్కు కర్మాగారములోను, రైల్వేలోను తాతల నాటి నుండి పనిచేయుచు అక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబముల వారు. ఈ ఆరుగురిలో ఎవరును ఎవరి ముఖమును చూచి ఎరుగరు. ఒక్కొక్కరు మూడు వారములు ఉంచుకొని తరువాతి వారికి పంపవలెను. చదివిన తరువాత తోచినది వ్రాయుటకు ఒక పొడవాటి నోట్‌బుక్ కూడా వెంట తిరుగవలెను. ఇదీ ఏర్పాటు.

ఇక్కడ పోస్టాఫీసు నియమము ఒకటి అడ్డువచ్చినది. అచ్చు పుస్తకములను తక్కువ ఖర్చుతో పంపు బుక్ పోస్టు కట్టను తపాలా వారు విప్పి చూచుటకు వీలుగా కట్టవలెనన్నది, దానిలో ఉత్తరము వంటిది ఏదియు పెట్టరాదన్నది అప్పటి నియమము. చేతివ్రాతతో నిండిన మన నోట్‌బుక్ ఉత్తరము కాక మరేమిటి? కౌంటరులోని గుమాస్తా గారు మర్యాదగానే చెప్పినారు. కనుక నవల ఒక దారిని, నోట్‌బుక్ వేరొక కవరులో రిజిస్టరు పోస్టున మరొక దారిని వెళ్లినవి. ఒక్కొక్కసారి నవల ముందు చేరెడిది, ఒక్కొక్కసారి నోట్‌బుక్. మదనపల్లె సహోదరి నవలకంటె ముందు ఇతరుల అభిప్రాయములు చదివి, కథ ఎట్లుండునో ఊహించుకొనుచు పది రోజులు ఎదురుచూచినారట.

ఇక కథ. రమతులాయ్ అను ఉపాధ్యాయురాలు సెనెగల్ రాజధాని డకార్ నగరములో ఉన్నది. పన్నెండుమంది బిడ్డల తల్లి. భర్త మోదు గుండెపోటుతో మరణించినాడు. వారి మతాచారము ప్రకారము నాలుగు నెలల పది దినములు ఆమె ఇల్లు కదలరాదు. మన ముస్లిం ఇరుగుపొరుగు వారి వలన ఇద్దత్ అను ఈ ఆచారమును మనమును ఎరుగుదుము. ఆ దినములలో ఆమె అమెరికాలో ఉన్న బాల్య స్నేహితురాలు ఐసతుకు ఒక నోట్‌బుక్‌లో ఉత్తరము వ్రాయ మొదలుపెట్టును. పుస్తకమంతయు ఆ ఉత్తరమే. చనిపోవుటకు ఐదేండ్ల ముందు మోదు తన పెద్దకుమార్తె స్నేహితురాలైన బినెతు అను పిల్లను రెండవ పెండ్లి చేసికొన్నాడు. ఆ సంగతి భార్యకు తెలిసినది పెండ్లి జరిగిన రోజుననే, ముగ్గురు మగవారు ఇంటికి వచ్చి చెప్పగా! అటుపిమ్మట అతడు ఆమె గడప త్రొక్కలేదు. ఐసతుకును ఇటువంటి కష్టమే కలిగినది. ఆమె కంసాలి బిడ్డ. రాచవంశీకురాలైన అత్తగారికి ఆ కోడలు గిట్టలేదు. తమ వారి పిల్లను పెంచి తెచ్చి డాక్టరైన కొడుకునకు రెండవ భార్యగా కట్టబెట్టినది. ఐసతు నలుగురు కొడుకులను తీసికొని బయటికి వచ్చివేసి, చదువుకొని, అమెరికాలో తమ దేశపు రాయబార కార్యాలయములో ఉద్యోగము సంపాదించుకొన్నది. రమతులాయ్ మాత్రము వెళ్లలేదు.

నోట్‌బుక్ నిండా మొదట జరిగిన వాదన ఇదియే. ఒకతె వెళ్లినది, ఒకతె నిలిచినది. ఎవరిది సరి? నర్సాపురం సహోదరి నిలిచినదానిని మెచ్చుకొనగా, భిలాయి సహోదరి "ఎవరి కొరకు నిలిచినది? రాని మనిషి కొరకా?" అని ఎర్రసిరాతో వ్రాసినారు. మాకు తోచినది చెప్పవలెనన్న, ఆ ఇద్దరు స్నేహితురాండ్రు ఒకరినొకరు తప్పుపట్టలేదన్నది ఈ వాదనలో మనవారు మరచిపోయినారు. బస్సులలో పడి నలుగుచున్న రమతులాయ్‌కు ఐసతు ఒక ఫియట్ కారు కొనిపెట్టినది. వెళ్లినది నిలిచినదానికి సాయపడినది. రచయిత్రి తీర్పు చెప్పక విడిచిపెట్టుటయే మాకు నచ్చినది.

ఆ రచయిత్రిని గురించి రెండు మాటలు. 1929లో డకార్‌లో పుట్టినది. తల్లి చిన్నతనములోనే పోగా అమ్మమ్మ, తాతల యొద్ద పెరిగినది. ఫ్రెంచివారు నడిపిన ఉపాధ్యాయినుల శిక్షణ పాఠశాలలో చదివి పంతులమ్మ అయినది. తొమ్మిదిమంది బిడ్డలు, విడాకులు. ఈ నవలకు 1980లో నోమా బహుమానము వచ్చినది, ఆ బహుమానము ఆఫ్రికా రచయితలకు ఇచ్చుట ఆ సంవత్సరముతోనే ఆరంభము. 1981లో వ్యాధితో కన్నుమూసినది. రెండవ నవల అచ్చయి వచ్చునప్పటికి ఆమె లేదు.

సెనెగల్‌కు 1960లో స్వాతంత్ర్యము వచ్చినది. నవలలోని ఇద్దరు స్నేహితురాండ్రు తెల్లదొరల బడిలో చదివి, కొత్త దేశమును కట్టవలెనని ఆశపడిన తరము వారు. పాత ఆచారము ఒక ప్రక్క, బడి నేర్పిన కొత్త ఆలోచన ఒక ప్రక్క. మగవారు స్వేచ్ఛను గురించి సభలలో మాట్లాడి ఇంటికి వచ్చి పాత హక్కునే వాడుకొన్నారు. వంద మంది శాసనసభ్యులలో ఆడవారు నలుగురే కదా అని రమతులాయ్ ఒకచోట ఒక నాయకుని నిలదీయును. తనను చదివించిన తెల్ల ప్రధానోపాధ్యాయురాలిని మాత్రము ఎంతో ప్రేమతో తలంచుకొనును. ఈ భాగము మన చదువరులలో పెద్దవారిని కదిలించినది. మిషను బోర్డింగులో చదివి, ట్రైనింగు అయి, ఊరూరా బడిపంతులమ్మలుగా వెళ్లిన మన తల్లులకును, అత్తలకును ఇట్టి దొరసానమ్మ ఒకరు ఉండెడివారు. ఆమె మేలును మరువలేము, ఆమె పాలించువారి పక్షమున వచ్చినదన్న మాటయు మరువలేము. ఈ రెండింటిని ఒకే మనస్సులో మోయుట ఎట్లో మన సంఘములలో ఎవరును ఇంత తేటగా చెప్పినట్లు మేము వినలేదు.

కొత్తగూడెం సహోదరికి ఇంగ్లీషు అంతగా రాదు. ఆ సంగతి తెలిసి, నర్సాపురంలోని రిటైరయిన టీచరమ్మ నోట్‌బుక్‌లో నలుబది పేజీలు కథను తెలుగులో చెప్పినారు. అనువాదము కాదు, ఎదురుగా కూర్చుండి చెప్పినట్లే. ఇంగ్లీషు పుస్తకములో రెండు ముక్కలు కలిపి అతికించిన 'కో-వైఫ్' అను మాట వచ్చినచోట ఆమె 'సవతి' అని వ్రాసి, ప్రక్కన "మనకు ఈ మాటకు వెదకవలసిన పనిలేదు" అని చేర్చినారు. ఇద్దరు సవతులను ఒకే గుడారము క్రింద కూర్చుండబెట్టి ఆడబిడ్డలు వారి జడలు విప్పు ఘట్టమును ఆమె చెప్పిన తీరు, నిజము చెప్పవలెనన్న, ఇంగ్లీషు ప్రతిలో కన్న మాకు ఎక్కువ గుచ్చుకొన్నది.

సంఘపెద్ద ఒకరు మాకు జాబు వ్రాసి, ముస్లిం విధవరాలి కథ, బహుభార్యల కథ మన కుటుంబ పత్రికకు ఎందుకని అడిగినారు. గౌరవముతోనే జవాబు చెప్పుచున్నాము. మన వివాహ చట్టము ఒక్క భార్యనే ఒప్పుకొనును. అంతమాత్రమున రెండవ కాపురములు మన మధ్య లేవని అయ్యగారు చెప్పగలరా? పేరు లేని సవతి కన్న పేరున్న సవతి మేలని కూడా ఒకరు నోట్‌బుక్‌లో వ్రాసినారు. మేము ఆ మాటతో ఏకీభవించము, కాని ఆ మాట ఎక్కడ నుండి వచ్చినదో తెలియును.

అన్నిటికన్న ఎక్కువ పేజీలు నింపినది ప్రేమ కాదు, ఇల్లు. మోదు, రమతులాయ్ ఇద్దరి సంపాదనతో కూడబెట్టి కొన్న ఇంటికి కాగితము మోదు ఒక్కని పేరననే ఉన్నది. ఆ ఇంటిని తాకట్టు పెట్టి అతడు కొత్త భార్యకు వేరొక ఇల్లు కొన్నాడు. చనిపోయిన తరువాత గాని ఈమెకు ఆ లెక్క తెలియదు. ఈ నాలుగు వాక్యములు చదివి విజయనగరం సహోదరి ఆ సాయంత్రమే బీరువా తెరచి తమ ఇంటి దస్తావేజు తీసి చూచినారట. ఇరువది రెండేండ్లు ఆమె జీతములో నుండియే వాయిదాలు కట్టినారు. కాగితములో ఆమె పేరు లేదు. భర్త మంచివాడే, ఆ రోజులలో అందరును అట్లే వ్రాయించినారు. అడిగితే నవ్వి ఊరకున్నాడట. తరువాతి వారును తమ తమ కాగితములు, ప్రావిడెంటు ఫండులో నామినీ పేరు చూచుకొన్నట్లు వ్రాసినారు. పాఠకులకు ఉపయోగపడునని ఒక మాట చెప్పెదము. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, క్రైస్తవుడు వీలునామా వ్రాయకుండ చనిపోయినయెడల, బిడ్డలున్నచో భార్యకు వచ్చునది మూడవ వంతు, మిగిలినది బిడ్డలకు. అప్పులు తీరిన తరువాత మిగిలిన దానిలోనే సుమా. తాకట్టు పెట్టిన ఇంటిలో మూడవ వంతు ఎంతో రమతులాయ్‌నే అడుగవలెను. ఇంటికి ఇద్దరి పేర్లు వ్రాయించుట, వీలునామా వ్రాసి పెట్టుట అపశకునమని మనవారు తలంచుట మాకు ఎన్నడును అర్థము కాలేదు.

ఇప్పుడు ఆ రెండు నెలల సంగతి. ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాము, ఊరు చెప్పము. ఈ ఆరుగురిలో ఒక సహోదరి పుస్తకమును పంపక, జాబులకు బదులియ్యక ఉండిపోయినది. తరువాత ఒకనాడు పుస్తకమును, నోట్‌బుక్‌ను తరువాతి ఇంటికి పంపివేసినది. నోట్‌బుక్‌లో ఆమె వ్రాసినవి నాలుగు పేజీలు. భర్తకు వేరొక ఊరిలో ఇంకొక ఇల్లు కలదు. తొమ్మిదేండ్లుగా సంఘములో అందరికి తెలియును, పండుగనాడు అందరు ఇద్దరిని కలిపి పలుకరింతురు, ఒక్కరును ఆమెను ప్రక్కకు పిలిచి ఎట్లున్నావని అడుగలేదు. తన స్త్రీల కూటములో చెప్పలేనిది ముఖమెరుగని ఐదుగురికి చెప్పుచున్నాననియు వ్రాసినది. వారము తిరుగకముందే మాకు ఫోను చేసినది. నోట్‌బుక్ ఆ తరువాత చేరవలసిన ఊరిలో తన ఆడబిడ్డ తోటికోడలు ఉన్నదని అప్పుడే తెలిసినదట. ఆ పేజీలు అక్కడికి పోరాదు.

నోట్‌బుక్ ఎవరి చేతిలో ఉన్నదో వారికి మేము ఫోను చేసి, ఆ నాలుగు పేజీలు జాగ్రత్తగా కోసి, కవరులో పెట్టి ఆమెకు రిజిస్టరు చేయుమని కోరితిమి. వారు అదే దినమున చేసినారు. వాటిని చదివిన వారు ముగ్గురే, మేమును వారిలో ఒకరము. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆమెకు వేరుగా ఉత్తరములు వ్రాసినట్లు తరువాత తెలిసినది. ఏమి వ్రాసిరో మేము అడుగలేదు. ఆమె ఇప్పుడును ఆ ఇంటిలోనే ఉన్నది. కుట్టుపని మరల మొదలుపెట్టినాననియు, బ్యాంకులో తన పేరున ఖాతా తెరచితిననియు మొన్న చెప్పినది.

పుస్తకము ఖరగ్‌పూర్ చేరియున్న సమయముననే, 2024 డిసెంబరులో, తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు సేవను ఆపివేసినది. పుస్తకములు పంపుకొను చిన్నవారికి అది పెద్ద దెబ్బ. 2025లో రిజిస్టరు పోస్టును కూడ స్పీడ్ పోస్టులో కలిపివేసినారు. ఖరగ్‌పూర్ సహోదరి పుస్తకమును తపాలాలో వేయక, సెలవులకు ఈ వైపు వచ్చుచున్న బంధువు చేత మాకు పంపినారు. అట్టకు ఒక మూల నీటిమరక, లోపల ఒక రైలు టిక్కెట్టు.

భిలాయి సహోదరి చివరి పేజీలో ఒక ప్రశ్న వేసినారు. రమతులాయ్ ఆ ఉత్తరమును పోస్టు చేసినదా? కథ చివర ఐసతు మరుసటి దినమున రానున్నది. చేతికే ఇచ్చియుండునని కొందరు, ఇయ్యకయే ఉండునని కొందరు. మదనపల్లె వారు ఒక్కరే, "ఎదురుగా కూర్చున్న తరువాత అంత పొడవు మాటలు రావు, ఇచ్చియే ఉండును" అని వ్రాసినారు. మేము వారి పక్షమే.

రెండవ వరుసకు తొమ్మిది ఇండ్ల నుండి అడిగియున్నారు. ఈసారి తపాలా ఖర్చు ఎవరి వంతు వారు భరింపవలసియుండును. అదే పుస్తకము వెళ్లును. నోట్‌బుక్ మాత్రము కొత్తది. పాతది మా యొద్ద బీరువాలో తాళము వేసి ఉన్నది, ఎవరికిని పంపము.