విడాకులకు ముందే వీసా

ముంబై ఫోరస్ రోడ్ చాళ్లలో పగిడీ కట్టి అద్దెకు తీసుకున్న ఖోలీకి (గదికి) రసీదు సాధారణంగా మగవాడి పేరనే ఉంటుంది. అయినా ఆయన కన్నుమూస్తే కలిసి ఉంటున్న కుటుంబానికి 1999 నాటి మహారాష్ట్ర అద్దె చట్టం అండగా నిలుస్తుంది. అమెరికా సంబంధం కుదిరి, భర్త ఉద్యోగ వీసా (హెచ్-1బీ) మీద ఆధారపడే హెచ్-4 వీసాతో వెళ్లే మన పిల్లకు ఆపాటి భరోసా కూడా లేదు. విడాకులు ఖరారైతే ఆమె హోదా ముగిసినట్లే.

2015 మే నుంచి హెచ్-4 భార్యలకు పని అనుమతి ఉందంటారు. అదీ అందరికీ కాదు, ప్రధానంగా భర్త గ్రీన్‌కార్డు అర్జీ ఒక మెట్టు దాటినవారికే. విడాకులతో హోదా పోతుంది కాబట్టి వీసా మారాలంటే అది చెల్లుతుండగానే అర్జీ పెట్టుకోవాలి. కాలేజీలో సీటు తెచ్చుకుని హోదా మార్పు దరఖాస్తు ఐ-539 పెట్టుకుంటే విద్యార్థి వీసా ఎఫ్-1కు దారి దొరుకుతుంది. హెచ్-1బీకైతే దరఖాస్తు కంపెనీయే పెట్టాలి. ఏటా 85,000 కోటా, ఆపైన లాటరీ.

కట్నం దగ్గర నెలల తరబడి బేరమాడే పెద్దలు ఈ సంగతి ఒక్కరూ అడగరు. పిల్ల ఏడుస్తూ ఫోన్ చేస్తే ‘సర్దుకుపో తల్లీ’ అంటారు; గడువు మాత్రం సర్దుకుపోదు. పంపేముందే డిగ్రీ సర్టిఫికెట్లు పుట్టింటి బీరువాలోంచి తీసి ఆమె సంచీలో పెట్టండి. పాస్‌పోర్టు, ఐ-94 (ప్రవేశ రికార్డు), ఐ-797 (ఆమోద నోటీసు) నకళ్లు అల్లుడి లాప్‌టాప్‌లోనే కాక ఆమె సొంత ఈమెయిల్‌లోనూ ఉండేలా చూడండి.