స్మృతికి ప్రామాణ్యమెంత?

దసరా సెలవులకు వచ్చిన మా మేనల్లుడు అరుగుపై కూర్చుండి, తన కంప్యూటరులో మూడు కృత్రిమ మేధా ఏజెంట్లచే పని చేయించుచుండెను. ఒకటి ప్రోగ్రాము వ్రాయును, ఒకటి దానిని పరీక్షించును, మూడవది దోషములను దిద్దును. వీటికొక విచిత్రమైన లోపమున్నది. ఒక సంభాషణ ముగిసిన పిమ్మట అందలి విషయము వాటంతట వాటికి జ్ఞప్తియందుండదు. అందుచేత అన్నిటికిని ఉమ్మడిగా ఒక నోట్స్ ఫైలు నుంచుదురు. ప్రతి ఏజెంటును పనికి ముందు దానిని చదువును. ముగించునపుడు తాను చేసినది అందు వ్రాయును.

సాయంకాలమునకు అతని ముఖము చిన్నబోయినది. "ఏమిరా?" అంటిని.

"మూడు రోజుల పని వ్యర్థమైనది మామయ్యా. ఒకటి ఊహించి వ్రాసినదానిని తక్కినవి నిజమని నమ్మినవి."

డబ్బు చెల్లింపు భాగము సరిగా నడచుచున్నదని ఆ నోట్సులో ఒక వాక్యమున్నది. వ్రాసిన ఏజెంటు దానిని పరీక్షింపనేలేదు. మిగిలిన రెండును ఆ వాక్యము మీదనే తమ పనియంతయు కట్టుకొన్నవి.

నాకు తర్కసంగ్రహము స్ఫురించినది. ఆంధ్రుడైన అన్నంభట్టు బుద్ధిని స్మృతి, అనుభవము అని రెండుగా విభజించి, యథార్థానుభవమునకే ప్రమ యను పేరిచ్చెను. స్మృతి సంస్కారమాత్రజన్యము. మూలమైన అనుభవము యథార్థమైనచో అదియు యథార్థము, కానిచో కాదు. ఈ నోట్సు స్మృతియే కదా! కావున ప్రతి పంక్తియు తన మూలమును చెప్పవలెను: పరీక్ష నడిపి చూచినదా, యజమాని చెప్పినదా, లేక యుక్తిచే తేల్చినదా? మా మేనల్లుని ఏజెంటు వ్రాసినది అనుమానమనుటకైనను తగదు. అందు వ్యాప్తి యెక్కడిది?

మీమాంసకులు ఇంకొక అడుగు ముందుకు వేసిరి. సోమయాగమున సదస్సులోని ఔదుంబరీ స్తంభమును తాకి ఉద్గాత గానము చేయవలెనని శ్రుతి. స్తంభమునంతటిని వస్త్రముతో చుట్టవలెనని స్మృతి. అంతయు చుట్టిన పిదప తాకుటెట్లు? ఇచట స్మృతిని విడువవలెనని శబరస్వామి నిర్ణయము. (కుమారిలభట్టు దీనితో ఏకీభవింపలేదు, ఆ చర్చ వేరు.) అట్లే, నోట్సు ఒకటి చెప్పి ప్రోగ్రాము వేరొకటి చేయుచున్నపుడు, ప్రోగ్రామునే చూచి నోట్సును దిద్దవలెను. ప్రోగ్రామును శ్రుతితో పోల్చుట అపచారమని కొందరందురేమో! పోలిక బలాబలములకు మాత్రమే.

లోభము మూలముగా కనబడు స్మృతియు అప్రమాణమని శబరుడే చెప్పెను. నేడిది మరింత అవసరము. ఏజెంట్లు చదువు బయటి పుటలలో దుర్బుద్ధితో ఎవరైనను ఒక ఆజ్ఞను దాచియుంచిన, అది నోట్సులో చేరి, మరునాడు మన మాటవలెనే చెల్లుబాటగును.

నోట్సు నానాటికి పెరుగును. పాతబడిన పంక్తులను తీసివేయువాడొకడు ఉండవలెను. యజ్ఞములో హోత, అధ్వర్యువు, ఉద్గాత తమ తమ పనులలో నుండగా, బ్రహ్మ యను ఋత్విక్కు మౌనముగా కూర్చుండి అంతయు గమనించుచు, లోపము కలిగినపుడు ప్రాయశ్చిత్తము చేయును. ఆ స్థానమున నాలుగవ ఏజెంటును కూర్చుండబెట్టవచ్చునని మా వాని అభిప్రాయము. నేనంగీకరింపను. అతడు మూడు వేదములును తెలిసినవాడు, జరిగినదానికి బాధ్యుడు. నిన్నటి మాటే గుర్తులేనిదానికి ఆ బాధ్యత ఎట్లు అప్పగింతుము? అక్కడ మనుష్యుడే ఉండవలెను.

ఆ రాత్రి అతడు ప్రతి పంక్తి ప్రక్కను దాని ఆధారమును వ్రాయుటకు పూనుకొనెను. నేను ఏకాంతసేవ ముగించి వచ్చునప్పటికి సగము పంక్తులు కొట్టివేయబడియున్నవి.