మాత్ర వేసుకున్న రోజు ఎలా ఉంటుంది?

మా బాబాయి కూతురు బీడీఎస్ అయ్యాక క్లినిక్ పెట్టకుండా ఎంపీహెచ్‌లో చేరింది. ప్రజారోగ్యంలో రెండేళ్ల పీజీ. డాక్టర్లే కానక్కర్లేదు, ఫార్మసీ, నర్సింగ్ చేసినవాళ్లూ చదువుతారు. నేను ఆమెకి ఫ్రీ ఐటీ సపోర్ట్. బయోస్టాటిస్టిక్స్ అసైన్‌మెంట్ వచ్చిందంటే చాలు, "అన్నా, ఎర్రర్ వస్తోంది" అని ఫోన్.

మొన్న శనివారం అలాగే వీడియో కాల్‌లో కూర్చున్నా. ఎర్రర్ పక్కనపెట్టి ఆమె, ఇద్దరు క్లాస్‌మేట్స్ కోర్స్ ఫీడ్‌బ్యాక్ ఫారం నింపుతున్నారు. గొడవంతా హెల్త్ ఎడ్యుకేషన్ పేపర్ మీదే. "థియరీ తగ్గించి డేటా పెంచాలి, జాబ్ ఇచ్చేది డేటానే" అంటాడు ఫార్మసీ అబ్బాయి. నర్సింగ్ అమ్మాయి ఒప్పుకోలేదు. "సెమిస్టర్ అంతా పోస్టర్లే చేశాం. ఊళ్లో ఒక్క మనిషితో పది నిమిషాలు మాట్లాడింది లేదు." నేను మనసులో ఫార్మసీ అబ్బాయికే ఓటేశా. కోడ్ రాసేవాడికి ఇంకేం తోస్తుంది!

అప్పుడు చెల్లి హెల్త్ బిలీఫ్ మోడల్ సంగతి ఎత్తింది. 1950ల్లో అమెరికాలో టీబీకి ఉచితంగా ఎక్స్‌రే తీస్తామన్నా చాలామంది రాలేదు. ఎందుకు రాలేదో తేల్చడానికి అక్కడి పబ్లిక్ హెల్త్ సర్వీస్ సైకాలజిస్టులు తయారుచేసిన మోడల్ ఇది. జబ్బు నాకొస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, పరీక్షతో లాభమేంటి, నాకున్న అడ్డమేంటి... మనిషి ఇవన్నీ లోపల లెక్కేసుకుంటాడని. "మేం దీన్ని బాక్సులు గీసి బట్టీ పట్టాం అన్నా. ఐదు మార్కులు. ఆ అడ్డమేంటో అవతలి మనిషిని ఎలా అడగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు."

ఈ మాట నాకు గుచ్చుకుంది. కారణం మా నాన్న. ఆయన ఆర్టీసీ కండక్టర్. సంక్రాంతికి వెళ్తే, నెల రోజులుగా బీపీ మాత్రలు వేసుకోవట్లేదని తెలిసింది. పక్షవాతం వీడియోలు నాలుగు వాట్సాప్ చేశా. గంటసేపు క్లాస్ పీకా. ఆయన టీవీ సౌండ్ పెంచారు.

చెల్లి మాత్రం పక్కన కూర్చుని, "పెదనాన్నా, మాత్ర వేసుకున్న రోజు ఎలా ఉంటుంది?" అంది. అంతే, మొత్తం బయటికొచ్చింది. పొద్దున్నే మాత్ర వేసుకుని డ్యూటీ ఎక్కితే మాటిమాటికీ యూరిన్‌కి వెళ్లాల్సొస్తోంది. జనం నిండిన బస్సుని ఎన్నిసార్లు ఆపిస్తారు? చెప్పుకోవడానికి మొహమాటం. కొన్ని రకాల బీపీ మాత్రలు ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపించేస్తాయట. ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ ముక్క తెలీదు. "మీ అంతట మీరు మానేయకండి, ఇదే మాట డాక్టర్‌కి చెప్పండి" అంది. చెప్పారు. డాక్టర్ మాత్ర మార్చారు.

ఇలా అడగడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే నవ్వింది. "డెంటల్ కుర్చీలో నోరు తెరిచాక పేషెంట్ మాట్లాడలేడు కదా అన్నా, అన్నీ ముందే అడగాలి."

ఫారం చివర సూచనల బాక్సులో ఆమె రాసింది ఇది: "పోస్టర్ల బదులు ఒక్కొక్కరికి మూడు ఇళ్లు అప్పగించండి. సెమిస్టర్ అంతా వెళ్తాం. వాళ్లు చెప్పింది రాసుకొస్తే దానికి మార్కులు వేయండి."

ఫార్మసీ అబ్బాయి చదివి కాసేపు ఆగాడు. "రాసుకొచ్చిందీ డేటానే కదా. నాకూ పంపు, అదే పేస్ట్ చేస్తా" అన్నాడు.

ఎర్రర్ సంగతి ఆదివారానికి వాయిదా పడింది.