నడిచిన దూరానికి లెక్క కావాలి

“మా అనంతపురం ఆడవాళ్లని తీసుకుపోయి ఒలింపిక్స్‌లో నడిపిస్తే పతకాలన్నీ మనవే. నీళ్ల కోసం మైళ్లకు మైళ్లు నడిచినోళ్లు, వాళ్లకు వేరే శిక్షణ ఎందుకు?”

మార్చి ఎనిమిది వస్తే చాలు, మా జిల్లాలో ఏదో ఒక వేదిక మీద ఈ మాట వినబడుతుంది. చెప్పేవాళ్లు చాలావరకు మగవాళ్లే, కారు దిగి వచ్చినవాళ్లే. కింద కూర్చున్న మనం చప్పట్లు కొడతాం. పొగిడారు కదా మరి! నా పేచీ సరిగ్గా ఈ పొగడ్తతోనే.

కరువుని శిక్షణా శిబిరంగా మార్చేసే పొగడ్త ఇది. ఏడాది మొత్తానికి సగటు వాన 550 మిల్లీమీటర్లు దాటీదాటని నేల మాది. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేసుకుంటాయి. ఈశాన్యపు వాన కోస్తాలో కురిసి మా దాకా వచ్చేసరికి నీరసించిపోతుంది. ఇంతవరకూ భూగోళశాస్త్రం. కానీ బోరు ఎండినప్పుడు బిందె చంకనెత్తుకుని ఇంకో బోరు వెతుక్కుంటూ పోవాల్సింది ఆడమనిషే అన్నది మాత్రం ఏ భూగోళశాస్త్రంలోనూ లేదు. అది ఇంట్లో తయారైన చట్టం. చెనక్కాయ పంట పోతే ఎకరాల లెక్క రాస్తారు, బీమా అంటారు, పరిహారం అంటారు. నీళ్లకు నడిచిన నడకకు ఏ రిజిస్టరులోనూ గడి లేదు. లెక్కే లేని దాన్ని తెచ్చి ప్రపంచ రికార్డుతో పోల్చడం కన్నా వెటకారం ఏముంటుంది?

అసలు ఆ పోటీ ఎలా ఉంటుందో చూడండి. 2017 ఆగస్టు 13. లండన్‌లో రాజభవనం ముందున్న ‘ద మాల్’ రోడ్డు. రెండు కిలోమీటర్ల చుట్టు, ఇరవై ఐదు సార్లు తిరగాలి, మొత్తం యాభై కిలోమీటర్లు. ప్రపంచ అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో స్త్రీలు ఆ దూరం నడవడం అదే మొదటిసారి. బరిలో దిగింది ఏడుగురు, చివరిదాకా నడిచింది నలుగురు. పోర్చుగల్‌కు చెందిన 37 ఏళ్ల ఇనెస్ హెన్రిక్స్ 4 గంటల 5 నిమిషాల 56 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది. రోడ్డు పక్కన బల్లలు, బల్లల మీద నీళ్ల సీసాలు, తల తడుపుకోవడానికి స్పాంజీలు. దారి పొడుగునా న్యాయనిర్ణేతలు. ప్రతి చుట్టుకీ గడియారం.

ఆ నడకకూ మా నడకకూ తేడా ఏమిటని అడిగితే నేను ముందు ఆ బల్లల్నే చూపిస్తాను. అక్కడ నడిచే మనిషికి నీళ్లు అందిస్తారు. ఇక్కడ నడిచే మనిషే నీళ్లు మోస్తుంది. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కేజీలు, బిందె బరువు వేరే. అర కిలోమీటరు అవతల బోరు ఉండి రోజుకు నాలుగు సార్లు పోయొస్తే నాలుగు కిలోమీటర్లు. పదమూడు రోజులకు యాభై దాటుతుంది. ఇప్పుడు చాలా ఊళ్లకు పైపులొచ్చాయి, నిజమే. పైపు రావడమూ నీళ్లు రావడమూ ఒకటి కాదని ఏప్రిల్, మే నెలల్లో మా వైపు ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది.

బరువు మోసి మోసి మోకాళ్లు అరిగిపోయిన మనిషి ఛాంపియన్ కాదు. ఆమెకు కావలసింది పతకం కాదు, గడపలో కొళాయి. కొళాయి వచ్చి, కాళ్లకు కాస్త తీరిక దొరికి, ఇష్టపడి రోడ్డెక్కితే అప్పుడు అది క్రీడ. ఈ రెండింటినీ కలిపేసేవాళ్లు రెండూ ఇవ్వరు.

నిజంగానే ఆడవాళ్లు ఆ దూరానికి లెక్క అడిగినప్పుడు ప్రపంచం ఏం చేసిందో చూస్తే ఈ పొగడ్త ఎంత డొల్లదో తెలుస్తుంది.

ఒలింపిక్స్‌లో మగవాళ్ల యాభై కిలోమీటర్ల నడక 1932లో మొదలైంది. స్త్రీలకు నడక పోటీ అంటూ మొదటిసారి పెట్టింది 1992లో, బార్సిలోనాలో. అదీ పది కిలోమీటర్లు. 2000లో సిడ్నీకి వచ్చేసరికి ఇరవై చేశారు. అక్కడితో ఆగింది. “ఆడవాళ్ల శరీరం తట్టుకోలేదు” అన్న పాత పాట మీకు తెలిసిందే. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో స్త్రీల 800 మీటర్ల పరుగు ముగిశాక అలిసిపోయి కొందరు నేల మీద కూలబడితే పత్రికలు గగ్గోలు పెట్టాయి. 1960 దాకా, అంటే 32 ఏళ్లపాటు, ఒలింపిక్స్‌లో స్త్రీలకు 200 మీటర్లకు మించి పరుగే లేదు. అదే 2016లో రియోలో యాభై కిలోమీటర్ల నడకలో ఫ్రాన్స్ ఆటగాడు యొహాన్ దినీజ్ కడుపు పాడై, దారిలో పడిపోయి, లేచి మళ్లీ నడిచి ఎనిమిదో స్థానంలో వచ్చాడు. ఎంత గుండె ధైర్యం అన్నారు. మగశరీరం తట్టుకోలేదని ఎవరూ అనలేదు. అనకూడదు కూడా. ఆ మర్యాద మనకెందుకు లేదన్నదే ప్రశ్న.

ఇంకొక లెక్క చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. హెన్రిక్స్ లండన్‌లో నడిచిన ఆ సమయం, 1932 నుంచి 1968 దాకా ఒలింపిక్స్‌లో ఈ దూరం నడిచి బంగారు పతకాలు తీసుకున్న ప్రతి మగవాడి సమయం కన్నా తక్కువ. మొదటి విజేతకు 4 గంటల 50 నిమిషాలు పట్టింది. 2019 మార్చిలో చైనాకు చెందిన లియు హోంగ్ 3 గంటల 59 నిమిషాల 15 సెకన్లలో నడిచి నాలుగు గంటల గీత కూడా దాటేసింది. శరీరం తట్టుకోలేదన్న మాట అక్కడితో చచ్చిపోవాలి. చావలేదు, వేషం మార్చుకుంది. “సరే, నడవగలరు. కానీ ఏడుగురే కదా వచ్చింది? ఏడుగురి కోసం పోటీ ఏమిటి?” బడి పెట్టకుండా పిల్లలు రాలేదనడం మనకు తెలియని వాదన కాదు గదా. లండన్‌లో స్త్రీల పోటీ ఉంటుందని తేల్చింది పోటీకి కొద్ది వారాల ముందు. యాభై కిలోమీటర్లకు శరీరాన్ని సిద్ధం చేసుకోవడానికి ఏళ్లు పడుతుంది.

2019లో దోహాలో రెండోసారి పెట్టారు. పగటి ఎండకు భయపడి రాత్రి పదకొండున్నరకు మొదలుపెట్టారు. అర్ధరాత్రి కూడా ముప్పై డిగ్రీల ఉక్క. మగా ఆడా అందరూ ఒకే రోడ్డు మీద, చాలామంది మధ్యలోనే ఆగిపోయారు. చైనాకు చెందిన లియాంగ్ రుయ్ గెలిచింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో స్త్రీల యాభై కిలోమీటర్ల చరిత్ర మొత్తం ఈ రెండు పోటీలే.

ఎందుకంటే ఆ తర్వాత జరిగింది ఇది. టోక్యో ఒలింపిక్స్‌లో తమకూ ఈ పోటీ కావాలని హెన్రిక్స్, మరికొందరు క్రీడా వివాదాల న్యాయస్థానానికి వెళ్లారు. ఇది మా పరిధిలోకి రాదు పొమ్మంది ఆ న్యాయస్థానం 2020లో. 2021లో టోక్యో క్రీడలకు స్త్రీపురుష సమానత్వ క్రీడలని పేరు పెట్టుకున్నారు. వాటిలోనే మగవాళ్లు యాభై కిలోమీటర్లు నడిచారు, ఆడవాళ్లకు ఇరవై. ఇక సమానత్వం పూర్తిగా సాధించాలి కాబట్టి పోటీనే తీసేశారు! మగవాళ్లకూ లేదు, ఆడవాళ్లకూ లేదు, సమానమే కదా అన్నారు. 2024లో పారిస్‌లో ఆ స్థానంలో ఒక మగవాడూ ఒక స్త్రీ వంతులవారీగా నడిచే మిశ్రమ రిలే వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు పిత్రార్జితంలో సమాన హక్కు ఇస్తూ 1986లో చట్ట సవరణ వచ్చింది. కూతురికి పంచాల్సి వస్తుందని పొలమే అమ్మేసుకున్న తండ్రి కథ మీ చుట్టపక్కాల్లో ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. “కొడుకుకీ ఇవ్వలేదమ్మా, అందరినీ ఒకేలా చూశాను” అంటాడాయన. కొడుకు అప్పటికి ఎన్నేళ్లు ఆ పొలం దున్నుకుని తిన్నాడో మాత్రం చెప్పడు. యాభై కిలోమీటర్ల పోటీ మగవాళ్లు 89 ఏళ్ల కింద మొదలుపెట్టి ఆనాటిదాకా నడిచారు. ఆడవాళ్ల చేతికి వచ్చిన నాలుగైదేళ్లకే ఆ పోటీకి కాలం చెల్లింది, టీవీలో చూసేవాళ్లు లేరు, నాలుగు గంటలు ఎవరు కూర్చుంటారు అన్నారు. విసుగు పుట్టించే పోటీ అన్నమాట నిజమే కావచ్చు. ఆ విసుగు అంతకాలం ఎందుకు పుట్టలేదు?

ఈ ఆటలో మరో సంగతి కూడా ఉంది. నడక పందెంలో ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాలి. ముందుకు వేసిన కాలు నేలను తాకినప్పటి నుంచి శరీరం దాని మీదికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. మోకాలు వంచకుండా వేగంగా నడవాలంటే తుంటి తిరగాలి, నడుము ఊగాలి. చూసేవాళ్లకు అది నవ్వులాట. ఇక ఆడపిల్ల అయితే చెప్పేదేముంది! మన కావ్యాల్లో ఆడదాని నడకను హంసతో కొలిచారు, ఏనుగుతో కొలిచారు. మందగమన అన్నారు, గజగమన అన్నారు. మెల్లగా నడిచినంతసేపూ అది అందం. అదే నడుము ఊపుతూ గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో పోతే అందం కాదు, సిగ్గులేనితనం. నడక నుంచి నడత దాకా మన భాషలో ఒక్క అక్షరమే దూరం. రాజస్థాన్ పల్లె నుంచి వచ్చిన భావనా జాట్ తొలిరోజుల్లో తెల్లవారుజామున మూడింటికే లేచి సాధన చేసేది. నిక్కరు వేసుకుని నడిస్తే ఊరు చూస్తుందని! ఆమే 2020 ఫిబ్రవరిలో రాంచీలో 20 కిలోమీటర్లు గంటన్నరలోపు నడిచి టోక్యోకు అర్హత తెచ్చుకుంది. మా వైపు చీకట్లో లేచే ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. మరుగుదొడ్డి లేని రోజుల్లో చీకట్లోనే చెంబు పట్టుకుని పోయేవాళ్లం. కొళాయి దగ్గర వంతు కోసం చీకట్లోనే బిందె పెట్టి వచ్చేవాళ్లం. ఆడవాళ్ల నడకకు చీకటే అనుమతి పత్రం.

మళ్లీ లెక్కల దగ్గరికి వస్తాను. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికి మొదలుపెట్టింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టంలో ఒక నిబంధన నాకు ఎప్పుడూ అపురూపంగా అనిపించేది. పని ఇంటికి ఐదు కిలోమీటర్ల లోపు చూపించాలి, అంతకన్నా దూరమైతే కూలి మీద పది శాతం అదనంగా ఇవ్వాలి. పనిచోట తాగునీళ్లు, నీడ ఉండాలి. అంటే ఆడమనిషి పనికి నడిచే దూరానికి కాగితం మీదైనా ఒక వెల ఉందని రాజ్యం ఒప్పుకుంది! ఆచరణలో ఏమైందంటారా? తవ్విన గుంత పొడవు, వెడల్పు, లోతు టేపు పెట్టి కొలిచేవాళ్లు. ఆ గుంత దగ్గరికి ఎంత నడిచొచ్చారని అడిగినవాళ్లను నేను చూడలేదు. నీళ్లు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకున్నారు. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. దానిలో రోజులు ఎన్ని పెరిగాయన్న చర్చ బాగానే నడిచింది. దూరం మాట ఎత్తినవాళ్లు నాకు కనబడలేదు.

ఆ ఉపాధి పనికి పోయిన ఒక మనిషి నడక పందెంలో పతకం కూడా తెచ్చాడు. ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లాకు చెందిన రాంబాబు, కరోనా కాలంలో తండ్రితో కలిసి గుంతలు తవ్వినవాడు, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 35 కిలోమీటర్ల మిశ్రమ జట్టు విభాగంలో కాంస్యం గెలిచాడు. గుంత నుంచి పతకం దాకా అంటూ పత్రికలు రాశాయి, రాయాల్సిందే. ఆ జట్టులో సగం పంజాబ్‌కు చెందిన మంజూ రాణి. ఇద్దరి సమయాలూ కలిపితేనే ఆ పతకం. ఆమె పేరు మీలో ఎంతమందికి గుర్తుంది? ఉపాధి పనుల్లో సగానికి పైగా ఆడవాళ్లే ఉన్న రాష్ట్రం నుంచి ఒక్క అమ్మాయి కథ కూడా అలా ఎందుకు రాయాల్సి రాలేదు?

అనంతపురానికి ఆటలు రాలేదని కాదు. 2010లో స్పెయిన్ ఆటగాడు రఫెల్ నడాల్ పేరున్న ఫౌండేషన్ ఇక్కడ టెన్నిస్ బడి తెరిచింది. ఎర్రమట్టి నేలలో పేదపిల్లలు రాకెట్ పట్టుకోవడం నాకు సంతోషమే. పారిస్‌లో ఆ మిశ్రమ రిలే గెలిచింది కూడా స్పెయిన్ జంటే, అందులో నడిచిన మరియా పెరెజ్ 2023లోనూ 2025లోనూ 35 కిలోమీటర్లలో ప్రపంచ విజేత. స్పెయిన్ నుంచి టెన్నిస్ వచ్చింది గానీ నడక రాలేదు. రాకెట్టూ బంతీ వలా కోర్టూ కావలసిన ఆటకు డబ్బు దొరికింది. మంచి బూట్లు, ఖాళీ రోడ్డు చాలునన్న ఆట మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఇళ్లలో ఆడవాళ్లు ఎలాగూ నడుస్తూనే ఉన్నారు, దానికి మళ్లీ బడి ఎందుకు అనుకుని ఉంటారు.

2026 నుంచి ప్రపంచ పోటీల్లో 35 కిలోమీటర్ల స్థానంలో మారథాన్ దూరం, 42.195 కిలోమీటర్లు, స్త్రీలకూ పురుషులకూ ఒకేలా పెట్టాలని ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం నిర్ణయించింది. పోయిన యాభైకి అది బదులు కాదు గానీ, నడవదగ్గ దూరమే. మా జిల్లా క్రీడల అధికారులకూ, కాలేజీల వాళ్లకూ నేను అడిగేది పెద్దదేం కాదు. ఆదివారం పొద్దున్నే లారీలు రాకుండా ఆపిన ఒక కిలోమీటరు రోడ్డు. నిబంధనలు తెలిసిన నలుగురు. ఒక గడియారం. ప్రతి చుట్టుకీ అందేలా ఒక నీళ్ల బల్ల, ఆ బల్ల దగ్గర బిందెలు మోసి తెచ్చి నింపడానికి మగపిల్లలు. వెలుతురు వచ్చాకే మొదలుపెట్టండి.